పరిధి మారితే పోటీ మారుతుంది

కళాశాల జట్టు ఎవరితో తలపడాలన్నది కళాశాల చేతిలో ఉండదు. ఆదోని డిగ్రీ కళాశాల కబడ్డీ జట్టయినా, ఎమ్మిగనూరు కళాశాల వాలీబాల్ జట్టయినా, తమ కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో ఆ పరిధిలోని జట్లతోనే అంతర్ కళాశాల పోటీలు ఆడాలి. పరిధి మారిందంటే ప్రత్యర్థులు మారతారు. ప్రయాణం మారుతుంది. సెలక్షన్‌కు వెళ్లే ఊరు మారుతుంది. బనీను మీది పేరు మారుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు ఉన్న పశ్చిమ కర్నూలుకు ఈ మార్పులు కొత్త కాదు. గత వందేళ్లలో ఈ ప్రాంతపు విద్యార్థి చదువుకూ ఆటకూ పెద్ద గుమ్మం మద్రాసులో ఉండేది. తర్వాత తిరుపతికి వచ్చింది, ఆపైన అనంతపురానికి, చివరికి కర్నూలుకు చేరింది. ఈ మార్పుల్లో ఒక్కటీ ఆటగాళ్లు అడిగి తెచ్చుకున్నది కాదు. అన్నీ రాష్ట్రాల పటాలు, శాసనసభ చట్టాలు తెచ్చినవే.

ముందుగా ఈ పోటీల అమరిక తెలియాలి. దేశంలో విశ్వవిద్యాలయాల ఆటలను నడిపించేది భారత విశ్వవిద్యాలయాల సంఘం. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డు పేరుతో మొదలైన ఈ సంస్థకు 1973లో ఇప్పటి పేరు వచ్చింది. పోటీ మూడు అంచెల్లో సాగుతుంది. మొదటి అంచెలో ఒక విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలు ఒకదానితో ఒకటి ఆడతాయి. ఆ ఆటలు చూసి, ట్రయల్స్ పెట్టి, శిక్షణ శిబిరం నడిపి విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేస్తారు. రెండో అంచెలో ఆ జట్టు తన మండలంలోని ఇతర విశ్వవిద్యాలయాలతో ఆడుతుంది. ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అని దేశాన్ని మండలాలుగా విభజించారు. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాలు మామూలుగా దక్షిణ మండలంలో ఆడతాయి. మండలంలో పైస్థానాల్లో నిలిచినవి మూడో అంచెకు, అంటే అఖిల భారత పోటీకి వెళతాయి. క్రికెట్‌లో 1935లో మొదలైన రోహింటన్ బారియా ట్రోఫీ ఈ కోవలో పాతది. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలకు కూడా దారి ఈ అంతర్ విశ్వవిద్యాలయ పోటీల మీదుగానే వెళుతుంది.

కళాశాల గుమ్మం దాటేముందు ప్రతి ఆటగాడికీ ఒక అర్హతా పత్రం నింపాలి. అందులో పేరు, తండ్రి పేరు, పదో తరగతి మెమో ప్రకారం పుట్టిన తేదీ, ఇంటర్ పాసైన సంవత్సరం, ప్రస్తుత తరగతిలో చేరిన తేదీ ఉంటాయి. మూలన ఫొటో, ఆ ఫొటో మీదికి సగం పడేలా ప్రిన్సిపాల్ ముద్ర. ఈ కాగితం వ్యాయామ అధ్యాపకుడి (పీడీ) ఫైల్లో ఉంటేనే పిల్లవాడు కోర్టులో అడుగు పెట్టాలి. తేదీ ఒకటి తేడా వచ్చినా ప్రత్యర్థి జట్టు అభ్యంతరం చెబుతుంది. జట్టుతో వెళ్లే పీడీకి బంతుల సంచి కన్నా ఈ ఫైలు మీదే ఎక్కువ ధ్యాస ఉంటుంది. ఆ పత్రం పైభాగాన ఉండే పేరు విశ్వవిద్యాలయానిది. ఈ కథంతా ఆ పేరు గురించే.

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. దక్షిణాదిన చాలా భాగానికి అప్పట్లో అదే దిక్కు. ఆదోని ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోనే ఉండేది. పై చదువు కావాలంటే 1916లో అనంతపురంలో వెలసిన దత్తమండల కళాశాలకు పోవాలి, లేదా మద్రాసు రైలెక్కాలి. బొంబాయి, మద్రాసు నగరాలను కలిపే రైలు మార్గం మీద ఆదోని ఉండడం వల్ల రెండోదీ అంత అసాధ్యం కాలేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. మొదట బెజవాడలో ఉండి, 1930లో వాల్తేరుకు మారింది. దత్తమండలాల, అంటే రాయలసీమ, కళాశాలలు తొలుత దాని పరిధిలోకి వెళ్లినా, తర్వాత మళ్లీ మద్రాసు విశ్వవిద్యాలయానికే తిరిగివచ్చాయి. సీమ నాయకులు చెప్పిన కారణం సూటిగా ఉంది. వాల్తేరు సీమకు చాలా దూరం. ఈ అసంతృప్తి ఎంత లోతైనదో 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక చూస్తే తెలుస్తుంది. రాజధాని, హైకోర్టు, నీటి వాటాలతో పాటు విశ్వవిద్యాలయం సంగతీ అందులో ఉంది. ఒక కేంద్రం వాల్తేరులో, ఇంకొకటి అనంతపురంలో అభివృద్ధి చేయాలన్నది ఆ ఒప్పందంలోని మాట. విశ్వవిద్యాలయం ఎక్కడుందన్నది సీమవాసులకు ప్రతిష్ఠకు సంబంధించిన ముచ్చట కాదు. ఫీజు కట్టడానికీ, పరీక్ష రాయడానికీ, పోటీలో పాల్గొనడానికీ ఎన్ని రాత్రులు ప్రయాణం చేయాలన్న లెక్క అది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా అవతరించింది. ఆ రోజునే బళ్లారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిశాయి. బళ్లారి, సిరుగుప్ప, హోస్పేట వంటివి మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. ఆదోని నుంచి బళ్లారికి ఆలూరు మీదుగా బస్సులో రెండు గంటల దారి. సంతలు, పెళ్లి సంబంధాలు, తెలుగు కన్నడం కలిసిన మాట, ఇవేవీ ఆ రోజు తెగలేదు. ఆటలో పొత్తు మాత్రం తెగింది. ఒకే జిల్లా జట్టుకు ఆడవలసిన పిల్లలు ఆనాటి నుంచి రెండు రాష్ట్రాల జట్లకు ఆడే పిల్లలయ్యారు.

సరిహద్దుకు అవతల బళ్లారి కళాశాలల దారి చూస్తే ఇవతలి కథే అద్దంలో కనిపించినట్టు ఉంటుంది. మద్రాసు నీడ నుంచి బయటపడ్డాక అవి ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం కిందికి, 1980లో గుల్బర్గా విశ్వవిద్యాలయం కిందికి, 2010లో బళ్లారిలోనే వెలసిన విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. పాత బళ్లారి జిల్లా రెండు ముక్కలూ వేర్వేరు కాలాల్లో శ్రీకృష్ణదేవరాయల పేరున్న విశ్వవిద్యాలయాల పరిధిలో ఉండడం విశేషం. తుంగభద్ర పరిసరాల్లో ఆ చక్రవర్తి పేరుకున్న బలం అలాంటిది.

రాష్ట్రం మారితే రాష్ట్ర జట్లూ మారతాయి. ఆంధ్ర జిల్లాల క్రికెటర్లు అంతకుముందు మద్రాసు జట్టులో చోటు కోసం పోటీపడేవారు. 1953–54 నుంచి రంజీ ట్రోఫీలో ఆంధ్ర జట్టు విడిగా ఆడడం మొదలుపెట్టింది. అప్పటికి 58 ఏళ్ల వయసున్న సి.కె. నాయుడు ఆ సీజనులో ఆంధ్ర తరఫున ఆడారు. ఫుట్‌బాల్‌లో జరిగింది దీనికి తలకిందులు. 1956లో, 1957లో సంతోష్ ట్రోఫీ గెలిచింది హైదరాబాద్ జట్టు. తర్వాత హైదరాబాద్, ఆంధ్ర ఫుట్‌బాల్ సంఘాలు ఒక్కటయ్యాయి. 1965–66లో అదే ట్రోఫీని గెలిచింది ఆంధ్రప్రదేశ్ జట్టు. క్రికెట్‌లో మాత్రం ఆంధ్ర, హైదరాబాద్ ఏనాడూ కలవలేదు. 1956లో రాష్ట్రాలు కలిసినా, 2014లో విడిపోయినా ఆ రెండు జట్లు ఎవరి మైదానంలో వారే ఉన్నాయి. ప్రభుత్వం గీసిన గీతను ఒక్కో ఆట ఒక్కో రకంగా మన్నించిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

రాయలసీమకు తన సొంత విశ్వవిద్యాలయం 1954లో తిరుపతిలో వచ్చింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలో చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు జిల్లాలు నాలుగూ ఉండేవి. ముప్పై ఏళ్లకు పైగా పశ్చిమ కర్నూలు ఆటగాడికి విశ్వవిద్యాలయమంటే తిరుపతే. ఆదోనిలో రైలెక్కితే గుంతకల్లు, కడప, రేణిగుంట మీదుగా 350 కిలోమీటర్లు దాటిన ప్రయాణం. ఎమ్మిగనూరు వారికి అంతకుముందు ఇంకో మెట్టు ఉంది. ఆ ఊరికి రైలు లేదు కాబట్టి, 30 కిలోమీటర్లు బస్సులో ఆదోనికి వచ్చి అక్కడ బండి అందుకోవాలి. రిజర్వేషన్ లేని పెట్టెలో, సామాన్ల మధ్య ముడుచుకుని రాత్రంతా కూర్చుని, తెల్లవారి దిగి, ముఖం కడుక్కుని ట్రయల్స్‌కు నిలబడాలి. పక్కన నిలబడినవాడు తిరుపతి హాస్టల్లో కంటినిండా నిద్రపోయి వచ్చినవాడు. ఆ ఇద్దరి పరుగూ ఒకే స్టాప్‌వాచ్‌తో కొలిచేవారు. దూరపు కళాశాలల పిల్లలకు ఆ రోజుల్లో జరిగిన అన్యాయం ఎవరి పక్షపాతం వల్లో కాదు, కేవలం కిలోమీటర్ల వల్ల జరిగింది.

అనంతపురంలో 1968లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారి స్నాతకోత్తర కేంద్రం మొదలైంది. 1976లో దానికి స్వయంప్రతిపత్తి వచ్చింది. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. మొదటి కొన్నేళ్లు డిగ్రీ కళాశాలల అనుబంధం దానికి లేదు. 1980ల చివరికి అనంతపురం, కర్నూలు జిల్లాల కళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి. ఆదోనికి ఇది పెద్ద ఊరట. గుంతకల్లు మీదుగా ఒక పూటలో చేరే దూరం, సాయంత్రానికి ఇల్లు చేరే వీలు. పైగా అనంతపురం కళాశాలలు ఆదోనికి కొత్త ప్రత్యర్థులేమీ కాదు. తిరుపతి కాలంలోనూ కలిసి ఆడినవే. ఆ పొత్తు విశ్వవిద్యాలయం మారినా చెక్కుచెదరలేదు.

ఆ పొత్తు తెగింది 2008లో. ఆ ఏడు కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఏర్పడి, కర్నూలు జిల్లా కళాశాలలు దాని కిందికి వెళ్లాయి. దీనికి రెండేళ్ల ముందే కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం వచ్చింది. 1954లో నాలుగు జిల్లాలకూ ఒకే విశ్వవిద్యాలయ జట్టు ఉన్న చోట ఇప్పుడు తిరుపతి, అనంతపురం, కడప, కర్నూలు జట్లు నాలుగు విడివిడిగా దక్షిణ మండలానికి వెళుతున్నాయి.

ఈ చీలిక వల్ల ఆటకు లాభమా నష్టమా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే జట్టులో ఉండే చోట్లు లెక్కపెట్టాలి. విశ్వవిద్యాలయ కబడ్డీ జట్టులో ఏడుగురు ఆడతారు, మొత్తం పన్నెండు మంది వెళతారు. వాలీబాల్‌లో ఆరుగురు ఆడతారు, వెళ్లేది పన్నెండు మందే. నాలుగు జిల్లాలకు ఒక జట్టున్నప్పుడు ఆ పన్నెండు చోట్ల కోసం నాలుగు జిల్లాల పిల్లలు పోటీపడేవారు. ఆపైన రెండు జిల్లాల పిల్లలు, తర్వాత ఒక్క జిల్లా పిల్లలు. ఆదోని కుర్రవాడికి విశ్వవిద్యాలయ బనీను తొడుక్కునే అవకాశం ప్రతి చీలికతోనూ పెరిగింది. అదే సమయంలో ఆ బనీను కోసం అతను ఓడించవలసిన ప్రత్యర్థుల సంఖ్య తగ్గింది. నాలుగు జిల్లాల మేటి ఆటగాళ్లతో ఏర్పడిన జట్టుకు ఉండే పదును ఒక్క జిల్లా జట్టుకు వెంటనే రాదు. చెన్నై, కేరళ, కర్ణాటక విశ్వవిద్యాలయాల గట్టి జట్లు ఎదురైనప్పుడు ఆ తేడా తొలి రౌండులోనే బయటపడుతుంది. ఎక్కువమంది ఆడడం మేలా, కొద్దిమంది దూరం వెళ్లడం మేలా అంటే, వెనకబడిన ప్రాంతానికి మొదటిదే మేలు. ఒక ఊళ్లో నలుగురు విశ్వవిద్యాలయ ఆటగాళ్లుంటే ఆ నలుగురిని చూసి నలభై మంది మైదానానికి వస్తారు.

ఆడపిల్లల విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. తిరుపతిలో నాలుగు రోజుల పోటీకి కూతుర్ని పంపమంటే ఒప్పుకోని తండ్రి, ఎమ్మిగనూరు నుంచి 70 కిలోమీటర్లలోపు ఉన్న కర్నూలుకు ఉదయం బస్సులో వెళ్లి రాత్రికి తిరిగి వస్తుందంటే ఒప్పుకుంటాడు. మహిళల ఖో–ఖో, కబడ్డీ జట్లు పూర్తి సంఖ్యలో కదలడానికి అన్నిటికన్నా ముందు కావలసింది దగ్గరి దూరమే.

కర్నూలు దగ్గరైనా కథ అక్కడితో ఆగలేదు. కర్నూలు నగరంలోని సిల్వర్ జూబిలీ కళాశాల, కె.వి.ఆర్. మహిళా కళాశాల, పురుషుల ప్రభుత్వ డిగ్రీ కళాశాల, ఈ మూడింటినీ కలిపి ఇటీవలి ఏళ్లలో క్లస్టర్ విశ్వవిద్యాలయం ఏర్పాటు చేశారు. దాంతో జిల్లా కేంద్రంలోని పేరున్న మూడు ప్రభుత్వ కళాశాలలు రాయలసీమ విశ్వవిద్యాలయం గూటి నుంచి వెళ్లిపోయాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరు జిల్లా అయింది. జిల్లా చీలినా ఆటల పుటల్లో ‘ఉమ్మడి కర్నూలు జిల్లా’ అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఇది డిగ్రీ కళాశాలల సంగతి. వృత్తి విద్యా కళాశాలల దారి వేరు. ఇంజనీరింగ్ కళాశాలలు ఒకప్పుడు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 1972లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురాల్లో వేర్వేరు విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు ఇంజనీరింగ్ విద్యార్థులు అనంతపురం పరిధిలోకి వచ్చారు. వైద్య విద్యార్థులకు 1986లో విజయవాడలో వెలసిన ఆరోగ్య విశ్వవిద్యాలయం. అంటే ఒకే ఊళ్లో, ఒకే వీధి నుంచి వచ్చి, సాయంత్రం ఒకే మైదానంలో సాధన చేసే ఇద్దరు మిత్రులున్నారనుకుంటే, బి.కాం. చదివేవాడు కర్నూలు వైపు, బి.టెక్. చదివేవాడు అనంతపురం వైపు పోటీలకు వెళతారు. అధికారిక పోటీలో వారిద్దరూ ఎదురుపడాలంటే ఇద్దరూ తమ తమ విశ్వవిద్యాలయ జట్లకు ఎంపికై, దక్షిణ మండల పోటీ జరిగే ఏ దూరపు ఊళ్లోనో ఒకే డ్రాలో పడాలి. ఇది ఈ అమరికలోని అసలు లోపం. పక్క పక్క కళాశాలలను పోటీపడనివ్వని పద్ధతి ఆటను పెంచదు.

జట్లు గూడు మారడం అమెరికాలోనూ పెద్ద వార్తే. అక్కడ కారణం పూర్తిగా వేరు. అమెరికన్ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని పరిగెత్తే, విసిరే ఆట. అక్కడి విశ్వవిద్యాలయాలు కాన్ఫరెన్సులనే కూటములుగా ఏర్పడి తమలో తాము ఆడుకుంటాయి. బిగ్ టెన్ కూటమి మూలాలు 1896 నాటివి. కూటమిలో చేరడం, విడిపోవడం విశ్వవిద్యాలయాల ఇష్టం. చాలాకాలం అవి ఇరుగుపొరుగు రాష్ట్రాల కూటములుగానే ఉండేవి. విద్యార్థులు బస్సులో వెళ్లి ఆడివచ్చేవారు.

1984లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కళాశాల ఫుట్‌బాల్ టీవీ ప్రసార హక్కులన్నీ జాతీయ కళాశాలల క్రీడా సంఘం గుప్పిట్లో ఉండకూడదని చెప్పింది. అక్కడి నుంచి కూటములే టీవీ సంస్థలతో బేరమాడడం మొదలైంది. ఎక్కువ మంది చూసే జట్లున్న కూటమికి ఎక్కువ సొమ్ము. 1996లో సౌత్‌వెస్ట్ కూటమి మూతపడింది. 2022లో బిగ్ టెన్ కుదుర్చుకున్న టీవీ ఒప్పందం విలువ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైమాటే. 2024లో టెక్సస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాలు ఆగ్నేయ కూటమికి వెళ్లాయి. పసిఫిక్ తీరపు కూటమి పాక్–12 దాదాపు కుప్పకూలింది. పన్నెండు సభ్య విశ్వవిద్యాలయాల్లో పది వెళ్లిపోయి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ అనే రెండే మిగిలాయి. లాస్ ఏంజెలెస్‌లోని రెండు పేరున్న విశ్వవిద్యాలయాలు బిగ్ టెన్‌లో చేరాయి. అదే కూటమిలో ఉన్న రట్గర్స్ విశ్వవిద్యాలయం దేశానికి ఆ చివర న్యూజెర్సీలో ఉంది. మధ్య దూరం సుమారు 4,000 కిలోమీటర్లు. ఫుట్‌బాల్ జట్టు వారానికొక్క ఆట ఆడుతుంది, ప్రత్యేక విమానంలో వెళుతుంది. అదే విశ్వవిద్యాలయపు వాలీబాల్, సాఫ్ట్‌బాల్ అమ్మాయిలు వారం మధ్యలో ఆడాలి. ఆ దూరమంతా వారి తరగతుల మీద పడుతుంది. ఫుట్‌బాల్ తెచ్చే డబ్బు కోసం ఇతర ఆటల పిల్లలు ఖండం దాటవలసి రావడం ఎంతమాత్రం సబబు కాదు.

పాత పోటీలు తెగడం అక్కడివారినీ బాధించింది. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం జట్లు నూరేళ్లకు పైగా తలపడ్డాయి. 2011 తర్వాత కూటములు వేరై ఆట ఆగిపోయింది. 2024లో మళ్లీ ఒకే కూటమిలో కలిశాకే అవి మైదానంలో ఎదురుపడ్డాయి. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ జట్ల మధ్య ఏటేటా జరిగే ఆట 2023తో ఆగింది. అక్కడ డబ్బు దూరం పెంచింది, ఇక్కడ చట్టం దూరం తగ్గించింది. ఆటగాడిని అడగకపోవడం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

అమెరికాలో పేరున్న ఆటగాడికి ముందు వృత్తి క్రీడ ఉంది. పశ్చిమ కర్నూలు ఆటగాడికి ముందున్నది ఉద్యోగం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు అవకాశం ఇచ్చే నిబంధనల్లో ధ్రువపత్రాల నమూనాలున్నాయి. దేశానికి ఆడినవారికి ఫారం–1, రాష్ట్రానికి ఆడినవారికి ఫారం–2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవారికి ఫారం–3. ఈ మూడోదాని మీద విశ్వవిద్యాలయం పేరు, పోటీ పేరు, జరిగిన ఊరు, తేదీలు, సాధించిన స్థానం రాసి, విశ్వవిద్యాలయంలో క్రీడల బాధ్యత చూసే అధికారి సంతకం చేయాలి. రైల్వేలో, తపాలాలో, పోలీసు శాఖలో దరఖాస్తు పెట్టే పల్లె కుర్రవాడికి ఇంట్లో ఉన్న విలువైన కాగితం ఇదే. 2008కి ముందు అనంతపురం జట్టుకు ఆడినవాడు ఆ సంతకం కోసం అనంతపురమే వెళ్లాలి, అతని కళాశాల ఇప్పుడు కర్నూలు కింద ఉన్నా సరే. అంతకుముందు తరం వారికి తిరుపతే. కళాశాల పరిధి మారినంత మాత్రాన పాత రికార్డులు కదిలిరావు. అందుకే పరిధి మార్చే ఉత్తర్వులో ఆటగాళ్ల గురించి ఒక పేరా ఉండి తీరాలి. మారే సంవత్సరంలో ఎవరి తరఫున ఆడాలి, పాత ధ్రువపత్రం ఎవరివ్వాలి, గేమ్స్ ఫీజు ఎవరి ఖాతాకు చేరాలి అన్నవి ముందే రాసి ఉంచితే ఏ పిల్లవాడూ ఒక సీజను పోగొట్టుకోడు.

పోటీల కాలం కూడా ఈ ప్రాంతానికి ఒక చిక్కు. అంతర్ కళాశాల పోటీలు ఎక్కువగా వానాకాలం ముగింపు నుంచి చలికాలం లోపు జరుగుతాయి. ఆదోని పత్తికి పేరుపడ్డ మార్కెట్. సరిగ్గా ఆ నెలల్లోనే పత్తి తీతలు మొదలవుతాయి. చేతిలో పొలం ఉన్న ఇంటి పిల్లవాడు తీతకు కావాలి. పొలం లేని ఇంట్లో పరిస్థితి ఇంకా కష్టం. ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టడాలకు వలస పోతాయి. జట్టులో పన్నెండు పేర్లు రాసుకున్న పీడీకి బయలుదేరే నాటికి ఎనిమిది మందే మిగలడం వింత కాదు. విశ్వవిద్యాలయం ఎంత దగ్గరికొచ్చినా ఈ లోటు తీరదు. బస్సు చార్జీ, దినభత్యం పోటీకి ముందే పిల్లల చేతిలో పెట్టగలిగితే కొంత తీరుతుంది. పోటీ అయ్యాక ఎప్పుడో వచ్చే టీఏ బిల్లు కూలి వదులుకుని వచ్చిన విద్యార్థికి పనికిరాదు.

పరిధి గీతలు చట్టంతో గీసినవి కాబట్టి వాటిని కళాశాలలు చెరపలేవు. గీత దాటి ఆడుకునే దారి మాత్రం ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంది. అది ఆహ్వాన పోటీ. దానికి అనుబంధం అక్కర్లేదు. ఏ కళాశాలైనా ఏ కళాశాలనైనా పిలవవచ్చు. ఆదోనికి రైలులో రాయచూరు ఒక వైపు, గుంతకల్లు ఇంకో వైపు దగ్గర. బళ్లారికి, ఎమ్మిగనూరుకు బస్సులు తిరుగుతూనే ఉంటాయి. డిగ్రీ, ఇంజనీరింగ్ జట్లను, ఆంధ్ర, కర్ణాటక జట్లను ఒకే మైదానంలో నిలబెట్టగల ఊరు ఈ చుట్టుపక్కల ఆదోనిని మించి లేదు. పత్తి తీతలు ముగిసి, పరీక్షలు దగ్గర పడకముందు ఒక వారం దొరుకుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు కళాశాలల యాజమాన్యాలు, ప్రిన్సిపాళ్లు, పూర్వ విద్యార్థులు, పట్టణ వ్యాపారులు కలిసి ఏటా ఆ వారంలో కబడ్డీ, ఖో–ఖో, వాలీబాల్, ఫుట్‌బాల్ పోటీలకు నాలుగు వైపుల జట్లనూ పిలవాలి. అమ్మాయిల పోటీలను కూడా అదే వారంలో, అదే మైదానంలో జరపాలి.